ఒక్క కోట రాకుమారుడు

"పోలెండ్ రాకుమారుడా?" అంది శశికళ. చేతిలోని మైసూర్‌పాక్ నోటి దాకా వెళ్లకుండానే ఆగిపోయింది.

"అవునాంటీ. మధ్యయుగాలవాడు, పేరు వ్లోడ్కో. వాడి జీవితం మీదే ఇప్పుడు పని చేస్తున్నా," అంది చరిత.

2004 నవంబర్. న్యూజెర్సీలోని పిస్కాటవేలో చరిత వాళ్లింట్లో పెళ్లిచూపులు. పిల్ల అక్కడి యూనివర్సిటీలో యూరప్ చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తోంది. పాట వచ్చా, వంట వచ్చా అని అడిగే రోజులు పోయాయి కనక ఏం చదువుతున్నావమ్మా అని అడిగింది శశికళ. అడిగిన పాపానికి ఈ జవాబు. ఎలాగూ పనికిరాని చదువే, కనీసం ఓ పేరున్న చక్రవర్తినైనా ఎంచుకోకూడదూ అనుకుంది.

కానీ మూతి విరిచే స్థితిలో లేదు. కొడుకు అనూప్‌కి ముప్పై దాటాయి. దేశానికి అటు చివరున్న సన్నీవేల్‌లో మంచి ఉద్యోగం ఉన్నా, నోట్లో నాలుక లేని మనిషి. ఇంతకుముందు చూసిన అమ్మాయిలందరూ నవ్వుతూ కాఫీలిచ్చి, వెనకనుంచి వద్దని కబురు పెట్టారు. చరితతో మాత్రం ఫోన్లో మాట్లాడాక, ఈ సంబంధం ఎలాగైనా కుదరాలమ్మా అని వాడే నోరు తెరిచి అడిగాడు. దాని కోసమే ఫ్లైటెక్కి వచ్చాడు.

అందుకని ఆవిడ భర్త వైపు చూసింది. డాక్టర్ గౌరీశంకర్ వైద్యం చేసేది గుండెకే అయినా, వాస్తు నుంచి వైన్ దాకా ఆయన ఉపన్యాసం ఇవ్వని విషయం న్యూజెర్సీలో లేదు.

"వ్లోడ్కో ఎవరికి తెలీదు," అన్నాడాయన సోఫాలో వెనక్కి వాలి. "ఒంటికన్నువాడేగా."

"అవునంకుల్. యుద్ధంలో బాణం తగిలి పోయింది," అంది చరిత కళ్లు పెద్దవి చేసి.

శశికళకి ప్రాణం లేచొచ్చింది. చరిత ఉత్సాహంగా మిగతాది చెప్పుకొచ్చింది. వ్లోడ్కో ఇంట్లో ఆఖరివాడట. తండ్రి మంచి మంచి ఊళ్లన్నీ అన్నలకి పంచి, వీడి మొహాన ఒక్క కోట పడేశాడట. కుర్రతనంలోనే సేనాపతై, ఒకే యుద్ధంలో అటూ ఇటూ పక్షాలు మార్చి, రెండువైపులా ఓడిపోయాడట. చివరికి కవచంతో సహా నది దాటబోయి మునిగిపోయాడట.

ఒక్క కోటకి రాజట, ఈత రాని సేనాపతట. మన మున్సిపల్ చైర్మన్ నయం అని శశికళ లోపల్లోపల ఈసడించుకుంది. పైకి మాత్రం పాపం అంది.

"పరమ దద్దమ్మ," అన్నాడు గౌరీశంకర్. "పోలెండ్‌లో, క్రాకోలో కాన్ఫరెన్స్‌కి వెళ్లినప్పుడు వాడి విగ్రహం చూశాను. గుర్రం మీద కూర్చోబెట్టారు. దండగ."

"ఆ విగ్రహం సంగతి నాకు తెలీదంకుల్," అంది చరిత.

చరిత తల్లి లలిత కొంగు నోటికడ్డం పెట్టుకుని గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. కూతురి పీహెచ్‌డీ బండారం బయటపడి సిగ్గుపడిందని శశికళ తేల్చుకుంది. మనసులో ఆవిడ మీద కాస్త జాలిపడింది కూడా.

చరిత అనూప్ వైపు తిరిగి, వ్లోడ్కో గురించి మీరేమంటారని అడిగింది.

"ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నాం, చెప్పరా," అని తండ్రి అందించాడు.

అనూప్ తల గోక్కున్నాడు. "నాకు తెలీదండీ. ఆ పేరు ఇప్పుడే వింటున్నా. నాన్న ఎప్పుడూ చెప్పినట్టు లేదు."

శశికళకి తల కొట్టేసినట్టయింది. వాడు అక్కడితో ఊరుకోలేదు. రాజు మునిగిపోతే ఆయన్ని నమ్ముకున్న సైనికులు ఏమయ్యారని కూడా అడిగాడు. అదింకా తేలలేదని చెప్పి చరిత నవ్వేసింది. మా వాడు నవ్వులపాలయ్యాడు, సంబంధం పోయిందనుకుంది శశికళ.

తిరుగుదారంతా కార్‌లో అక్షింతలే. నలుగురిలో తండ్రి పరువు తీశావని ఆయన, ఊఁ అంటే పోయేదానికి నోరు పారేసుకున్నావని ఆవిడ.

"తెలియంది తెలుసని ఎలా చెప్పనమ్మా?" అన్నాడు అనూప్. తర్వాత అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వాడి మొహం చూశాక శశికళ తిట్టడం మానేసింది.

మర్నాడు పొద్దున్నే లలిత ఫోన్ చేసింది. వాళ్లమ్మాయికి అనూప్ బాగా నచ్చాడంది, ముహూర్తాలు చూడమంది. శశికళ ఉండబట్టలేక అడిగేసింది.

"అదేంటి వదినగారూ, ఆ వ్లోడ్కో గురించి మావాడికి ఒక్క ముక్క తెలీదే?"

అవతల లలిత ఏమీ అనుకోవద్దని ముందే బతిమాలుకుంది. అన్నయ్యగారికి మాత్రం చెప్పొద్దంది.

"అలాంటి రాకుమారుడు అసలు లేడండీ."