రేవు ముందు రెండు పటాలు

"ఎడమకి తిప్పేస్తున్నా," అన్నాడు పడవ నడిపే సరంగు.

"తిప్పావంటే ఇసుకదిబ్బ ఎక్కుతాం," అంది అతని భార్య, చుక్కాని చక్రాన్ని గట్టిగా పట్టుకుని.

పొద్దున పదకొండయినా పొగమంచు విడలేదు. పడవ ముక్కు కూడా కనిపించడం లేదు. లోతూ దారీ చూపించే తెర అరగంట కిందట ఆరిపోయింది, మళ్ళీ వెలగలేదు. లంగరు వేసి చూశారు. అది నేలను పట్టకుండా పడవతోపాటే జారుతూ వచ్చింది. కింద గదిలో పద్నాలుగు మంది ప్రయాణికులు.

బల్ల మీద రెండు సముద్ర పటాలు పరిచి ఉన్నాయి. ఒకటి సరంగు తండ్రి ముప్పై ఏళ్ళు వాడినది. మడతల దగ్గర చిరిగిపోయింది, నిండా పెన్సిలు గుర్తులే. రెండోది భార్య నిన్న పట్టుబట్టి కొనిపించిన కొత్త పటం. రేవు ముఖద్వారం దగ్గరికొచ్చేసరికి రెండింటికీ పొత్తు కుదరలేదు. ఎడమవైపు లోతుంది, కుడివైపు రాయుంది అంటోంది పాతది. ఎడమవైపు ఇసుక మేటేసింది, కుడివైపు రాయి తీసేశారు అంటోంది కొత్తది.

"ఆ రాయిని మా నాన్న కళ్ళారా చూశాడే! ఇదిగో, ఇక్కడ గుర్తు కూడా పెట్టాడు."

"మామయ్య చూడలేదని ఎవరన్నారు? చూసి ఎన్నేళ్ళయిందీ అని! సముద్రం ఆయన కోసం కదలకుండా కూర్చుంటుందా?"

"కాగితం ముక్కని నమ్మి ఇంతమంది ప్రాణాలు..."

"నీ చేతిలో ఉన్నది మాత్రం కాగితం కాదేంటి?"

సరంగు ఆమె చేతుల్లోంచి చక్రం అందుకున్నాడు.

"నేను లోతు కొలిచే తాడు మాటే నమ్ముతా. నువ్వు కొలుస్తూ చెప్పు, కుడికే పోనిస్తా. మూడు బారలన్నావో, ఆ క్షణమే ఎడమకి తిప్పేస్తా."

ఆమె సీసపు గుండు కట్టిన తాడు తీసుకుని ముందుకు వెళ్ళింది. నాలుగడుగుల్లో మంచులో కలిసిపోయింది.

పక్కనే, దారి గుర్తుగా నీళ్ళ మీద తేలే బోయా గంట మోగింది. రెండు పటాల్లోనూ దాని చోటు ఒకటే. సరంగు అక్కణ్ణుంచి గడియారం చూసుకుంటూ, రెండు నిమిషాలకోసారి గుండు వెయ్యమని కేకేయడం మొదలుపెట్టాడు.

"వెయ్యి!"

"ఏడు బారలు!"

రెండు పటాలూ అక్కడ ఏడే అంటున్నాయి.

"వెయ్యి!"

జవాబు లేదు. ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అతని చేయి దానంతటదే చక్రాన్ని ఎడమకి లాగబోయింది.

"ఏమే! ఎంత?"

"ఐదు! ఐదు బారలు!"

పాత పటం మూడంటోంది. కొత్తది ఐదు. అతను చక్రాన్ని నిలిపాడు.

"వెయ్యి!"

"ఆరు!"

కొత్త పటంలోనూ ఆరే. అయినా అడుగున చెక్క చిట్లే చప్పుడు ఎప్పుడొస్తుందోనని చెవులు రిక్కించాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇప్పుడో, ఇంకో క్షణంలోనో...

"ఎనిమిది!"

మంచు పలచబడింది. ఎదురుగా రేవు గోడ, దాని మీద నిలబడి చేతులూపుతున్న మనుషులు. కింద గదిలో ఎవరో బిగ్గరగా ఏడ్చేశారు.

ప్రయాణికులంతా దిగాక సరంగు ముందుకు నడిచాడు. భార్య తాడు చుట్ట ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుని ఉంది.

"సరే, నీ పటమే గెలిచింది," అన్నాడు పక్కన కూర్చుంటూ. "కానీ మనల్ని గట్టెక్కించింది మాత్రం ఈ తాడే. ఇది లేకపోతే చచ్చినా కుడికి వచ్చేవాణ్ణి కాదు."

"తెలుసు," అంది ఆమె.

అతను తాడు కొస లాగి చూశాడు. పీచులు తేలి ఉంది.

"గుండేదే?"

"రెండోసారికే తెగి నీళ్ళలో పడిపోయిందయ్యా. ఆ తర్వాత నీకు చెప్పినవన్నీ కొత్త పటంలో చూసి రాత్రి కంఠతా పెట్టిన అంకెలే."