ఖాళీ ఫోల్డర్

“ఏం చేసినవ్ డానియేలూ?”

అమల అరుపుకు కీబోర్డు మీద డానియేలు వేళ్లు ఆగిపోయాయి. లాల్‌దర్వాజాలోని ఆ రక్తదాతల సంఘం ఆఫీసులో అప్పుడు వాళ్లిద్దరే ఉన్నారు. తెర మీద ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తోంది. అందులో ఉండాల్సింది పదకొండు వందల మంది రక్తదాతల పేర్లు, ఫోన్ నంబర్లు.

“మన యాప్ కొత్తగ బిల్డ్ చేస్తున్న అక్కా. గా ప్రోగ్రాం ముందుగాల అవుట్‌పుట్ ఫోల్డర్‌ల ఉన్నదంత తుడిచేసి, అండ్ల కొత్త ఫైళ్లు పెడ్తది. గా ఫోల్డర్ పేరు రాసే కాడ... లిస్టున్న ఫోల్డర్ పేరు కొట్టిన. చూసి ఆపేసరికి మొత్తం పోయింది.”

“ఇంకో కాపీ?”

“గదీ అండ్లనే ఉండె.”

అంతలో ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి నర్సు రాజమణి.

“అమల మేడం, ఆరేండ్ల పాపకు సాయంత్రం ఆపరేషన్. ఓ నెగెటివ్ యాడ దొరకలే. పన్నెండు లోపల మనిషిని పంపుండ్రి.”

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది.

“గా గ్రూపోళ్లు నలుగురుండె. ఒక్కరి నంబరన్న యాదున్నదా?” అంది అమల.

డానియేలు తల అడ్డంగా ఊపాడు. ఏదో చెప్పబోయాడు.

“ఏం చెప్పకు. నా కండ్ల ముందర ఉండకు, పో!”

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అమల తన ఫోన్‌లో ఉన్న వాళ్లందరికీ కలిపింది. ఒకాయన వరంగల్‌లో ఉన్నాడు. ఇంకొకావిడకు తన గ్రూపేమిటో తెలియదు. చివరికి మనసొప్పక డానియేలుకు చేసింది. అతని ఫోన్ ఎదురుగా బల్ల మీదే మోగింది.

సంఘం కార్యదర్శి వెంకటనారాయణ రొప్పుతూ వచ్చాడు.

“వాడేడి?”

“నేనే పొమ్మన్న సార్.”

“పోలే, పారిపోయిండు! రేపటిసంది లోపలికి రానియ్యకు.”

పన్నెండు దాటింది. మరో పది నిమిషాలకు మళ్లీ ఆసుపత్రి నంబరు. అమల ఫోన్ ఎత్తింది.

“మాఫ్ చెయ్యి సిస్టర్. ఒక్కరు గూడ దొరకలే.”

“గదేంది మేడం?” అంది రాజమణి. “మీ డానియేలు పదకొండుకే వచ్చె గద! రక్తమిచ్చి గిప్పుడే లేసి కూసున్నడు. కొత్త లిస్టుల మొదటి పేరు ఆయనదే రాయమంటున్నడు.”