అడిగి రాయించరాదు

టోస్టు ముక్క గొంతుకు అడ్డంపడి ముసలాయన కళ్ళు తేలేశాడు.

కాత్యాయని చేతిలో ట్రే వదిలేసి ఆయన్ని ముందుకు వంచింది. వీపు మీద అరచేత్తో గట్టిగా చరిచింది. మళ్ళీ చరిచింది. ముక్క ఊడి దుప్పటి మీద పడింది.

అంతా అయ్యాక వార్డు ఇన్‌ఛార్జి మార్గరెట్ పరుగున వచ్చింది. ఆమె వెనకాలే డాక్టరు.

"భలే సమయానికి అందుకున్నావు మార్గరెట్," అన్నాడాయన, రోగి నాడి చూస్తూ.

మార్గరెట్ అప్పటికే పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. కాదనే తీరిక ఆమెకు లేదు. నేల మీద ఒలికిన టీ తుడవడం కాత్యాయని వంతైంది.

గుంటూరులో హెడ్ నర్సుగా చేసిన మనిషి. మెల్‌బోర్న్ వచ్చాక ఆ సర్టిఫికెట్లు చెల్లవన్నారు. మళ్ళీ నర్సు కావాలంటే ఇక్కడి కోర్సు చదవాలి. ఆ ఫీజు కట్టే తాహతు లేక రోగులకు భోజనం ట్రేలు అందిస్తోంది.

వార్డులోని కంప్యూటర్ బల్ల కింద నుంచి దుమ్ము కొట్టుకున్న తల ఒకటి బయటికొచ్చింది.

"అక్కా, ఈడ ఇంకో ప్లగ్గు ఉందా?"

విఠల్. నిజామాబాద్ మనిషి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయిస్తాయన్న భయంతో ఆసుపత్రివాళ్ళు కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. పరీక్షించిన ప్రతి యంత్రానికీ ఆకుపచ్చ స్టిక్కరు అంటిస్తూ తిరుగుతుంటాడు.

ఇక్కడో ప్రాణం పోబోతే వీడికి ప్లగ్గు కావాల్సొచ్చింది! కాత్యాయనికి ఒళ్ళు మండింది.

"నాకు తెలీదు," అనేసి వెళ్ళిపోయింది.

ఆ వారమే కాంటీన్‌లో ఒక పెట్టె పెట్టారు. బాగా పనిచేసే తోటి ఉద్యోగి ఎవరో, ఎందుకో చీటీ మీద రాసి అందులో వెయ్యాలి. ఎక్కువమంది మెచ్చినవాళ్ళకు అవార్డు. వాళ్ళు కోరుకున్న చదువుకు ఆసుపత్రే ఫీజు కడుతుంది. నోటీసు కింద ఒక షరతు: ఎవరినీ అడిగి రాయించరాదు.

అది చదివిన దగ్గర్నుంచి కాత్యాయని మనసు మనసులో లేదు.

ఆదివారం ఊరి శివార్లలో కేరమ్ డౌన్స్‌లో ఉన్న గుడికి వెళ్తుంటే కారులో భర్త రామ్మోహన్ కదిలించాడు.

"మార్గరెట్ చెవిన ఒక మాట వెయ్యరాదూ? నీ పేరు రాస్తుందేమో."

"అడిగి పొగిడించుకోమంటారా? దానికన్నా ట్రేలు మొయ్యడమే నయం."

"అడగనివాళ్ళని ఇక్కడ ఎవరూ పట్టించుకోరే."

"పని చూసేవాళ్ళు చూస్తారు లెండి."

"ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నారుగా."

కాత్యాయని మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

మర్నాడు కాంటీన్‌లో విఠల్ నర్సుల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక్కొక్కరికీ చీటీ, పెన్నూ అందిస్తున్నాడు. కాత్యాయనిని చూడగానే మాట ఆపేసి, మిగిలిన చీటీలు జేబులో కుక్కుకున్నాడు. నర్సులు ఆమె వైపు చూసి ముసిముసిగా నవ్వారు.

మీ దేశంవాడి నిర్వాకం చూశావా అన్నట్టుంది ఆ నవ్వు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఇంకోరోజు ఎక్స్‌రే గది ముందు కనిపించాడు. ఆ తర్వాత లాండ్రీలో. ఎన్నికల్లో నిలబడ్డవాడిలా ఎవరు ఎదురుపడితే వాళ్ళ చేతిలో చీటీ పెడుతున్నాడు.

చివరికి లిఫ్టులో ఒంటరిగా దొరికాడు.

"సిగ్గుగా లేదూ, వార్డు వార్డూ తిరిగి అడుక్కోవడానికి?"

విఠల్ తల గోక్కున్నాడు. "అడగకుంటే ఈడ ఎవ్వరూ రాయరక్కా."

"అడగకూడదని నోటీసులో ఉంది. చదివావా?"

"గట్లనే రాస్తరు. మనకాడ ఎలక్షన్లప్పుడు రాయరా?"

"ఇది మీ ఊరు కాదు. నీవల్ల మా అందరి పరువూ పోతోంది."

"పరువేం పోదక్కా. పనైతది. జర ఓపిక పట్టుండ్రి," అని నవ్వాడు.

ఆ నవ్వుతో ఉన్న ఓపిక కాస్తా తెగిపోయింది. తను నోరు నొక్కుకుని కూర్చుంటే, నిన్నగాక మొన్న వచ్చినవాడు బజారుకెక్కి అవార్డు తన్నుకుపోతాడా?

నేరుగా సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసుకు వెళ్ళింది. చెప్పింది ఎవరో బయటికి రానివ్వబోమని వాళ్ళచేత అనిపించుకుని, కంప్యూటర్లతను అందరినీ అడిగి చీటీలు వేయిస్తున్నాడని చెప్పేసింది.

విచారిస్తామన్నారు. అన్నట్టే విచారించారు.

ఆ శుక్రవారం విఠల్ చంకలో అట్టపెట్టెతో వార్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"పోతున్నక్కా. కాంట్రాక్టు బందు పెట్టిండ్రు."

"మంచిది," అంది కాత్యాయని.

"మాఫ్ చెయ్యక్కా. మంచిగ చేద్దామనుకుంటే అంత ఖరాబైంది."

ఇప్పటికి బుద్ధొచ్చింది కాబోలు అనుకుంది. ట్రేలు సర్దుతూ తలెత్తలేదు.

అవార్డు లెక్కల విభాగంలో ఒకావిడకు వచ్చింది. తన పేరు పిలుస్తారేమోనని ఆఖరిదాకా చెవులు రిక్కించిన కాత్యాయని, అందరితో పాటు చప్పట్లు కొట్టింది. ఇన్నేళ్ళ చాకిరీ ఒక్క కంటికైనా ఆనలేదు.

వార్డుకు తిరిగి వస్తుంటే మార్గరెట్ పక్కకు వచ్చింది. కాత్యాయని అనడానికి నోరు తిరక్క ఆమె కేట్ అని పిలుస్తుంది.

"ఈవిడకు వచ్చినవి కాసిని చీటీలే, కేట్. పెట్టె నిండా ఇంకో పేరుంది. అడిగి రాయించారని కమిటీ కొట్టేసింది."

"కొట్టేయాల్సిందే," అంది కాత్యాయని. "తన పేరు రాయమని తనే ఊరంతా తిరిగితే ఊరుకుంటారా?"

మార్గరెట్ నడక ఆపి ఆమె మొహంలోకి చూసింది.

"విఠల్ సంగతా నువ్వనేది? నీకు చెప్పొద్దని మా దగ్గర మాట తీసుకున్నాడు గానీ కేట్, అతను మా అందరి చేతా రాయించింది నీ పేరే."