ఆ మెరుపు ఎక్కడిది

"ఇప్పుడే బయటపెట్టొద్దు. ఇంకొన్నాళ్ళు ఆగు," అన్నాడు బావగారు, ఆమె కంప్యూటర్ వంక చూడకుండానే.

ఆయన ఆ పరిశోధనాకేంద్రానికి పెద్ద. ఆమె ఆయనకు స్వయానా మరదలు, అక్కడే పరిశోధకురాలు. ఉపగ్రహం పంపిన సమాచారంలో రెప్పపాటు గామా కిరణాల మెరుపొకటి ముందుగా ఆమె కంటనే పడింది.

"ఎందుకాగాలి? రెండు న్యూట్రాన్ తారలు ఢీకొని ఉంటే గురుత్వ తరంగాలు అందాలి. అందలేదు. అంటే పక్క గెలాక్సీలో ఏదో అయస్కాంత తార పైపెంకు పగిలింది. ఇలాంటిది దొరకడమే అరుదు."

"మూలం అదేనంటావా? ఖాయమేనా?"

రోజూ ఇదే ప్రశ్న. తన అభిప్రాయం మాత్రం చెప్పడు. కూపీ లాగుతున్నట్టుంది ఆమెకు.

మధ్యాహ్నం మెట్ల మలుపులో ఆయన గొంతు వినిపించి ఆగింది. ఎదురుగా, వీళ్ళతో ఎప్పుడూ పోటీపడే కేంద్రం పెద్దాయన.

"మావాళ్ళకి ఇంకా అనుమానం రాలేదు. మా మరదలు ఏం తేలుస్తుందో చూసి మీకు చెబుతా," అంటున్నాడు బావగారు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అక్కకు ఫోన్ చేసింది.

"బావగారు ఇంట్లో ఎలా ఉంటున్నారే?"

"ఫోన్ మోగితే చాలు, బాల్కనీలోకి పోయి తలుపేసుకుంటున్నారు. అడిగితే ఆఫీసు రహస్యమట. ఏమైంది?"

"ఏం లేదులే."

క్రితంసారి ఆమె కష్టాన్ని ఎవరో ముందే ప్రకటించేసుకున్నారు. ఆ దెబ్బకి చాలాకాలం మనిషి కాలేకపోయింది. ఈసారి నోట్లో వేలేసుకుని కూర్చోదలచుకోలేదు. తనను చదివించింది బావగారేనన్న సంగతి గుర్తొచ్చింది. అయినా దేశదేశాల ఖగోళ శాస్త్రవేత్తలకు తన పేరుతో ప్రకటన పంపేసింది.

సాయంత్రానికి అభినందనలు వచ్చిపడ్డాయి. పెద్దపెద్ద టెలిస్కోపులు తమ పనులు ఆపుకుని అటు తిరిగాయి.

అప్పుడు ఆయన గదిలోకి వెళ్ళింది.

"పంపేశాను బావగారూ. మీరు వాళ్ళ చేతికి అందించేలోపే."

"ఎవరి చేతికి?"

"మెట్ల దగ్గర అంతా విన్నాను."

ఆయన ముఖం పాలిపోయింది.

"ఆయన సాక్షిగా వచ్చాడు," అన్నాడు. "మీ అందరికీ నేనొక పరీక్ష పెట్టాను."

"పరీక్షేమిటి?"

"ఆ మెరుపు పుట్టింది ఆకాశంలో కాదమ్మా, నా కంప్యూటర్లో."