సారుకిచ్చిన నీళ్ళు

వ్యానులోంచి నీటి ఫిల్టరు దించకుండానే డ్రైవరు కాగితం చూపించాడు.

"మీ బోరు నీళ్ళలో సీసం లేదంట మేడమ్. చట్టం ప్రకారం మీ బడికి ఫిల్టరు రాదు."

బడి వెనకే పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే షెడ్డు. పిల్లల బుర్రను మొద్దుబార్చే సీసం బడినీళ్ళలో ఉండకుండా ఒక చట్టం కావాలని మూడేళ్ళు అర్జీలు పట్టుకుని తిరిగిన టీచరు పద్మప్రియ, ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"లేకపోవడమేంది? నేను చేయించిన పరీక్షలో ఉండాదే! శాంపిలు ఎవరు పట్టినారు?"

వంట చేసే భద్రమ్మ బియ్యం కడుగుతూనే చెప్పింది. "మీరు మీటింగుకు పోయిన పొద్దు ఒక సారొచ్చినాడు మేడమ్. ఖాళీ బాటిలిచ్చి నీళ్ళు పట్టుకురమ్మన్నాడు. ఎండన పడొచ్చిన మనిషికి ఆ బోరు నీళ్ళు ఎట్లిచ్చేది? వరండాలో మీరు కొనుక్కునే నీళ్ళ క్యాను ఉండాది గదా, దాంట్లో పట్టిచ్చినా."

"ఆయన అడిగింది తాగడానికి కాదు భద్రమ్మా!"

"నీళ్ళు తాగేదానికి గాక ఇంకెందుకు మేడమ్?"

పద్మప్రియ డ్రైవరు వైపు తిరిగింది. "మళ్ళా పరీక్ష ఎప్పుడు, అన్నా?"

"మూడేండ్లకు. చట్టంలో అంతే ఉండాదంట."

వ్యాను గేటు దాటింది.

ఇంతలో భద్రమ్మ మనవరాలు త్రివేణి పరుగెత్తుకొచ్చింది. నాలుగో తరగతికొచ్చినా రెండో ఎక్కం నిన్న చెప్పి ఇవాళ మరిచిపోయే పిల్ల. దప్పికతో క్యాను కింద గ్లాసు పెట్టింది.

భద్రమ్మ గదిమింది.

"ఏయ్, అవి మేడమోళ్ళ నీళ్ళు! బోరు కొళాయి కాడ తాగు పో."