రాష్ట్రం అప్పు, సూడి గొర్రె

ఆటో ఎక్కడం సూడి గొర్రెకు ఇష్టం లేదు. ఎక్కించకుండా వదలడం ఓబులేసుకు ఇష్టం లేదు. వెనక నుంచి నెడుతుంటే పెళ్లాం మల్లమ్మ వచ్చి తాడు పట్టుకుంది.

"యాడికి?"

"సంతకి. రాత్రి టీవీలో పెద్దాయన చెప్పలా? రాష్ట్రమైనా ఇల్లయినా, ఉన్నది అమ్మి అప్పు తగ్గించుకోవాలంట."

"అప్పు ఒక గొర్రెంత తగ్గుద్ది. మందలో తల్లీ పోయె, కడుపులో పిల్లా పోయె. మిగిలిన అప్పు ఏమమ్మి తీరుస్తావు, టీవీనా?"

ఓబులేసు గొర్రె పొట్ట తడిమాడు. లోపల పిల్ల కదిలింది. గొర్రెను దొడ్డివైపు మళ్లించాడు.

"మామా, పుల్లలచెరువు నుంచి వచ్చినా. మరి నా కిరాయి?" అన్నాడు ఆటో పవన్.

"అప్పు రాసుకో అల్లుడూ. ఇది ఈనినాక ఇస్తా."