ఎంపికల రోజు అమ్మ మోకాళ్లు

కబడ్డీ లీగు ఎంపికల రోజున కాలేజీ గేటు నాకు పచ్చదీపం వెలిగించింది. ఆడాల్సిన నా కూతురు శరణ్యకు మాత్రం ఎర్రదీపం వెలిగించింది.

"ఇదేం పద్ధతన్నా? ఆడేది ఆమె. నేను టిఫిన్ డబ్బా ఇచ్చి పోదామని వచ్చిన" అన్నాను వాచ్‌మన్ కొమురయ్యతో.

"పిల్లల ఆటంతా మూడేండ్ల సంది కెమెరాలల్ల ఉందక్కా. ఇయ్యాల తల్లులనే చూస్తరు. ఇంకో పదేండ్లకు ఆమె మోకాళ్లు ఎట్లుంటయో నీ మోకాళ్లు చూస్తే తెలుస్తదట. నువ్వు లోపలికి పోకుంటే ఆమె పేరు కొట్టేస్తరు."

ఒళ్లు మండింది. అయినా చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని కోర్టు మధ్యలో నిలబడ్డాను. లీగులోని ఏడు జట్లు పంపిన పరీక్ష యంత్రాలు నన్ను కూర్చోమన్నాయి, లేవమన్నాయి, మళ్లీ కూర్చోమన్నాయి. పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ ఇంత పరీక్షగా చూడలేదు. నాలుగోసారి లేస్తుంటే కుడి మోకాలు టక్కుమంది. యంత్రాలన్నీ ఒక్కసారే దానివైపు తిరిగాయి.

"ఇది పుట్టుకతోని వచ్చింది కాదు! పదేండ్లు హాస్టల్ల నిలబడి రొట్టెలు చేసిన. నా బిడ్డ ఆట కోసమే చేసిన. అది రాసుకోండ్రి!" అని అరిచాను.

"కారణాలు అవసరం లేదమ్మా. ధన్యవాదాలు" అంది ఒక యంత్రం, ఎంతో మర్యాదగా.

కుంటుతూ బయటికొచ్చాను. గోడ పక్కన నిలబడ్డ శరణ్య మోకాళ్లకు కట్టుకున్న పట్టీలు ఇంకా విప్పలేదు. పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎట్ల ఆడినవే అమ్మా?" అని అడిగింది.